పటం గీసిన చేయి, గోడ కట్టిన చేయి

(స్వర్ణోత్సవ సభలో 2006 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, “అమ్మా, నువ్వు ఆర్కిటెక్చర్ చదివావు కదా, దాని గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు” అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేయబోతూ, “ఇంతకీ అదీ ఇంజనీరింగేగా?” అని అడిగారు. 2008లో కాలేజీలో చేరిన రోజు నుంచి ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. ఇవాళ కూడా దాంతోనే మొదలుపెడతాను.

కట్టడం పడిపోకుండా ఎలా నిలబెట్టాలో ఇంజనీరుగారు లెక్క వేస్తారు. ఆ ఇంట్లో వంట చేసే మనిషికి వెలుతురు ఎటునుంచి రావాలి, ముసలాయన మంచం ఎక్కడ వేసుకుంటే గాలి తగులుతుంది, వానాకాలంలో చెప్పులు ఎక్కడ విడుస్తారు అని ఆలోచించి పటం గీసేది ఆర్కిటెక్టు. ఐదేళ్ల చదువు. ప్రతి సెమిస్టరుకూ ఒక డిజైన్ ప్రాజెక్టు ఇస్తారు. పటాలు గోడకు అంటించి, అట్టతో చేసిన నమూనా బల్ల మీద పెట్టి, నలుగురు పెద్దల ముందు నిలబడి మన ఆలోచనను మనమే సమర్థించుకోవాలి. దాన్ని జ్యూరీ అంటారు. రాత్రంతా మేలుకుని చేసిన నమూనాను ఒక్క ప్రశ్నతో తేల్చి పారేసేవాళ్లు. ఏడ్చినవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

అయితే నాకు కాలేజీలో ఒక జ్యూరీ, ఇంట్లో ఇంకో జ్యూరీ ఉండేవి. మా నాన్న తాపీ మేస్త్రీ. ఈ ఊళ్లో సగం ప్రహరీలు ఆయన కట్టినవే కాబట్టి మీలో చాలామందికి తెలుసు.

మొదటి ఏడాది నా మొదటి ప్రాజెక్టు బస్సు షెల్టరు. రెక్క విప్పిన కొంగలా పైకి లేచిన కప్పు, కింద సన్నటి రెండు స్తంభాలు. జ్యూరీలో బాగుందన్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు గర్వంగా నాన్న ముందు పరిచాను. ఆయన షీటును అటూ ఇటూ తిప్పి చూసి, “వాన ఎటునుంచి కొడుతుందమ్మా ఇక్కడ?” అని అడిగారు. నేను కప్పును పైకి లేపింది సరిగ్గా వాన కొట్టే వైపుకే. నా షెల్టరులో బస్సు కోసం నిలబడ్డవాళ్లు, బయట చెట్టు కింద నిలబడ్డవాళ్లకంటే ఎక్కువ తడుస్తారు.

మూడో ఏడాది ప్రాథమిక పాఠశాల డిజైన్ చేయమన్నారు. నేను మన బడినే మనసులో పెట్టుకుని వేశాను. ఒక గోడను వంకీ తిప్పి, పక్క గోడకు అడుగున్నర దూరం దాకా తెచ్చి ఆపాను. పటంలో చాలా అందంగా ఉంది. నాన్న ఆ సందు మీద వేలు పెట్టి, “ఇక్కడ మనిషి ఎక్కడ నిలబడి కడతాడు? తాపీ ఎలా తిప్పుతాడు?” అన్నారు. మూడేళ్ల చదువులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకై నాకు తట్టనూ లేదు. పటంలో గోడలు ఉంటాయి కానీ కట్టే మనిషి ఉండడు.

నాలుగో ఏడు మొదట్లో మా ప్రొఫెసర్ ఒకరు తెర మీద ఒక బడిని చూపించారు. బంగ్లాదేశ్ ఉత్తరాన దినాజ్‌పూర్ జిల్లాలో రుద్రాపూర్ అనే పల్లెలో ఉంది. దాన్ని రూపొందించిన అన్నా హెరింగర్ జర్మనీ అమ్మాయి. పంతొమ్మిదేళ్ల వయసులో ‘దీప్‌శిఖ’ అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేయడానికి బంగ్లాదేశ్ వచ్చింది. తర్వాత ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, 2004లో చివరి ఏడాది ప్రాజెక్టుగా ఆ పల్లెకే బడి గీసింది. సాధారణంగా మా చివరి ఏడాది ప్రాజెక్టులు మార్కులు పడ్డాక అటకెక్కుతాయి. ఆమె దాన్ని 2005లో నిజంగానే కట్టించింది. కింది అంతస్తు మందపాటి మట్టి గోడలు, పై అంతస్తు వెదురు. మట్టిలో గడ్డి కలిపి గేదెల చేత తొక్కించారు. ఊరి పనివాళ్లు, బడి పిల్లలు, టీచర్లు, బయటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు కలిసి పనిచేశారు. 2007లో దానికి ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది.

నాకు పురస్కారం కంటే ఇంకో సంగతి ఎక్కువ నచ్చింది. ఆ ఊళ్లో మట్టి ఇళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి సరైన పునాది లేక, నేల తేమ గోడలోకి పాకి, త్వరగా పాడైపోయేవి. అందుకని వీళ్లు ఇటుక పునాది వేసి, దాని మీద తేమ ఎక్కకుండా ప్లాస్టిక్ పొర పరిచి, ఆపైన గోడ లేపారు. మట్టి పని ఊరివాళ్లకు వచ్చు. తేమను ఎక్కడ ఆపాలో చదువుకున్నవాళ్లకు తెలుసు. రెండూ కలిస్తే గోడ నిలిచింది.

అదే ప్రొఫెసర్ అమెరికాలోని అలబామా సంగతి కూడా చెప్పారు. అక్కడి ఆబర్న్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఇద్దరు అధ్యాపకులు 1993లో ‘రూరల్ స్టూడియో’ మొదలుపెట్టారు. విద్యార్థులు హేల్ కౌంటీ అనే పేద ప్రాంతంలోనే మకాం ఉండి, అక్కడివాళ్లకు ఇళ్లు గీసి, తమ చేతులతో కడతారు. మొదటి ఇంటి గోడలను ఎండుగడ్డి మోపులతో కట్టి, పైన గార చేశారు. మన దేశంలో లారీ బేకర్ గారు తిరువనంతపురంలో ఏం చేశారో మీలో కొందరు వినే ఉంటారు. ఇంగ్లండులో పుట్టి, ఇక్కడే స్థిరపడి, ఈ దేశ పౌరుడైన ఆయన ఇటుకను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడిని మనకు అలవాటు చేశారు. తొమ్మిదంగుళాల గోడే, కానీ ఇటుక దాదాపు నాలుగో వంతు ఆదా. మధ్యలో గాలి ఉండటం వల్ల ఎండ వేడి లోపలికి నెమ్మదిగా వస్తుంది.

ఇవన్నీ విన్నాక ఇరవై ఏళ్ల వయసులో ఎవరికైనా చేతులు ఊరుకోవు. మేం ఎనిమిది మందిమి ఒక జట్టయ్యాం. కాలేజీకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె ఉంది. అక్కడ సాయంత్రం పిల్లలు చదువుకోవడానికి ఒక గది కట్టిస్తామని పెద్దలను ఒప్పించాం. పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిదడుగుల పొడవు. గోడలకు యంత్రంతో అదిమి చేసే మట్టి దిమ్మెలు. పైకప్పు ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయని చోట పాత బెంగుళూరు పెంకులు పరిచి పోస్తారు. కాంక్రీటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది. ఖర్చు కోసం తలా కొంత వేసుకున్నాం, సీనియర్ల దగ్గర చందాలు పోగుచేశాం. ఊరి మేస్త్రీ ఒకాయన, ఆయన కింద ముగ్గురు కూలీలు, మేం ఎనిమిది మందిమి. ఇదీ మా సైన్యం.

మొదటి వారంలోనే మొదటి దెబ్బ తగిలింది. దగ్గర్లో దొరికింది కదా అని పక్క చేలో మట్టి తెచ్చి మూడు వందల దిమ్మెలు అదిమాం. అది నల్లరేగడి. మూడో రోజుకు ఒక్కో దిమ్మె మీద వేలు దూరేంత నెర్రెలు. పల్నాడులో పుట్టిన దాన్ని, నాకైనా తెలిసి ఉండాల్సింది. వానకు ఉబ్బి, ఎండకు నోళ్లు తెరిచే మట్టి అది. దారిన పోతున్న ఒక ముసలమ్మ ఆగి చూసి, “గోడలకు ఈ మన్ను ఎవరు తెమ్మన్నారయ్యా? చెరువు అవతల గరుసు మన్ను ఉంది పొండి” అని చెప్పి వెళ్లిపోయింది. వెళ్లి తెచ్చాం. సీసాలో మట్టి, నీళ్లు పోసి గిలకొట్టి పక్కన పెట్టాం. ఇసుక ముందు దిగుతుంది, దాని మీద ఒండ్రు, చివరికి బంక. ఇసుక పాలు సగం దాకా, బంక పాలు ఐదో వంతు దాకా ఉంటే దిమ్మెకు మంచిదని పుస్తకంలో ఉంది. ముసలమ్మ చూపించిన మట్టి దాదాపు అలాగే ఉంది. ఆమె సీసా వాడలేదు.

దానికి కొద్దిగా సిమెంటు కలిపి పదహారు వందల దిమ్మెలు చేశాం. అలాంటి దిమ్మెలను ఇరవై ఎనిమిది రోజులు తడి ఆరకుండా ఉంచాకే గోడకు ఎక్కించాలి. ఈ సంగతి మాకు తెలుసు. కానీ కాలేజీలో రివ్యూ తేదీ దగ్గర పడింది. ఆ రోజుకు గోడ కిటికీ మట్టం దాకా లేచి ఉండాలి, ఫొటోలు తీయాలి. మేస్త్రీ దిమ్మెను గోటితో గీకి చూసి, “ఇంకా పచ్చిగానే ఉందండీ, పది రోజులు ఆగుదాం” అన్నాడు. మేం ఆగలేదు. “ఏం కాదు, మేం లెక్కలు చూసుకున్నాం” అన్నాం. ఆ మాట అన్నది నేనే. పదకొండో రోజున పని మొదలుపెట్టించాం.

రివ్యూ బాగా జరిగింది. ఆ తర్వాత నాలుగో రోజు రాత్రి అకాల వర్షం పడింది. గోడ మీద పట్టా కప్పాలని ఎవరికీ తోచలేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే పడమటి గోడ నాలుగు వరసలు కిందికి జారి, ముద్దై పడి ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అదొక్కటే అదృష్టం. మేస్త్రీ, కూలీలు రెండు రోజులు ఆ శిథిలం ఎత్తిపోశారు. ఆ రెండు రోజుల కూలి ఎవరివ్వాలో మాలో మేం వాదించుకున్నామే కానీ ఇవ్వలేదు.

కాలేజీకి నివేదిక ఇవ్వాలి. ఇంగ్లీషు కాస్త బాగా వస్తుందని రాసే పని నాకు అప్పగించారు. కూలిన గోడ ఫొటో కింద ‘పూర్ వర్క్‌మన్‌షిప్ వల్ల గోడ కూలింది’ అని రాశాను. అంటే పనితనం సరిగా లేక కూలిందని. ఒక్క వాక్యమే. రాస్తున్నప్పుడు నా చేయి ఆగిందని చెప్పాలనుంది, కానీ ఆగలేదు. అలాంటి చోట అలాగే రాస్తారు. అంతకుముందు చదివిన నివేదికల్లో అదే చూశాను.

పచ్చి దిమ్మెలు తీసేసి, ఆరినవి పెట్టి, మేస్త్రీ గోడ మళ్లీ కట్టాడు. స్లాబు పడింది. గది తెరిచిన రోజు నాన్న వచ్చారు. గోడను చేత్తో తడిమి చూశారు, నిట్టమట్టం సరిగ్గా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశారు. బల్ల మీద మా నివేదిక ఉంటే తీసుకుని ఫొటోలు చూస్తూ పేజీలు తిప్పారు. పక్కనే మేస్త్రీ కూడా వంగి చూస్తున్నాడు. కూలిన గోడ బొమ్మ దగ్గర నాన్న ఆగి, “కింద ఏం రాశారమ్మా?” అని అడిగారు.

నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. వాళ్లిద్దరికీ ఇంగ్లీషు రాదు. ఎందుకో చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. మేస్త్రీ నావైపు ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి కుళాయి దగ్గర తాపీ కడుక్కుంటూ కూర్చున్నాడు. ఆ తాపీ అప్పటికే శుభ్రంగా ఉంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. సగం దారిలో, “నా మీద ఇట్లా ఎన్నిచోట్ల రాసి ఉంటారో” అన్నారు. అంతే. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

నేను వెళ్లి జట్టులో అందరినీ కూర్చోబెట్టాను. దిమ్మెలు ఏ తేదీన అదిమాం, ఏ తేదీన గోడకు ఎక్కించాం, ఆగమన్నది ఎవరు, తొందరపెట్టింది ఎవరు అన్నీ వరసగా రాసి నివేదిక మార్చి ఇచ్చాం. మార్కులు తగ్గాయి. ఒక స్నేహితురాలు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆమె కోపంలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే తప్పు రాసింది నేనే, దిద్దుదామని మార్కులు పోగొట్టిందీ నేనే. రెండు రోజుల కూలి డబ్బు తీసుకెళ్లి మేస్త్రీకి ఇచ్చాం. ఆయన కూలీల వాటా లెక్కపెట్టి పక్కన పెట్టి, తన వాటా జేబులో వేసుకుని, “టీ తాగి వెళ్లండి” అన్నాడు.

ఆ గది ఇప్పటికీ ఉంది. సాయంత్రం పిల్లలు చదువుకుంటారు, మిరప కోతల కాలంలో ఎవరో బస్తాలు కూడా పెడతారు. కిటికీలు పిల్లలకు మరీ ఎత్తుగా పెట్టామని కట్టాక తెలిసింది. ఊరివాళ్లే కిటికీ కింద నాపరాయి బల్ల ఒకటి వేసుకున్నారు. ఇప్పుడు పిల్లలు దాని మీద ఎక్కి కూర్చుని బయటికి చూస్తూ చదువుతారు. మా పటంలో లేనిది ఆ బల్ల ఒక్కటే, ఆ గదిలో అందరూ కూర్చునేదీ అక్కడే.

ఇప్పుడు నాకు నరసరావుపేటలో చిన్న ఆఫీసు ఉంది. ఎక్కువగా ఇళ్లు, ఒకటి రెండు క్లినిక్కులు. ఏ పటానికైనా కింది మూలన ఆర్కిటెక్టు పేరు, యజమాని పేరు, తేదీ రాసే గడులుంటాయి. నా పటాల్లో ఇంకో గడి ఉంటుంది. దానికి ‘మేస్త్రీ మాట’ అని పేరు పెట్టాను. కట్టేటప్పుడు సైటులో ఎవరు ఏ మార్పు చెప్పినా అందులో తెలుగులో, వాళ్ల పేరుతో రాస్తాం. నేను ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో పక్కన నేనూ రాయాలి. మొన్న ఒక ఇంటి దగ్గర ఇటుకలు మోసే ఆవిడ, “నీళ్ల తొట్టి పడమటి ఎండలో పెట్టారు, మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోవూ?” అంది. గడిలో ఆమె పేరు రాసి, తొట్టిని తూర్పుకు మార్చాం. అన్నిసార్లూ వాళ్ల మాటే నెగ్గదు. ఒకసారి మేస్త్రీ ఇనుము తగ్గిద్దామన్నాడు, ఇంజనీరుగారు కుదరదన్నారు, అదీ రాశాం. గోడ ఎందుకు అలా ఉందో రేపు ఎవరడిగినా కాగితం మీద ఉంటుంది.

ఇక మన బడి సంగతికి వస్తాను. ఈ పాత బ్లాకు 1975లో కట్టింది. నాపరాయి గోడలు. సున్నం పిడుగురాళ్ల బట్టీల నుంచి తెప్పించారని నాన్న చెప్పేవారు. ఆయనకెలా తెలుసని అడిగితే అప్పుడు చెప్పారు. ఆ గోడలకు రాయి మోసినవాళ్లలో ఆయనా ఒకరు. అప్పటికి ఆయన వయసు పదిహేను. ఆ ఈడు పిల్లలు ఆ గదుల్లో కూర్చుని చదువుకోబోతుంటే, ఆయన వాటికి రాళ్లు అందిస్తున్నారు. వరండాలో ఉన్న శిలాఫలకాన్ని ఐదేళ్లు రోజూ చూశాను. దాతల పేర్లున్నాయి, ప్రారంభించినవారి పేరుంది. ఆ దాతలు లేకపోతే ఈ బడి లేదు, వాళ్లకు మనమంతా రుణపడి ఉన్నాం. కట్టినవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ లేదు.

స్వర్ణోత్సవ గుర్తుగా రెండు తరగతి గదులు, ఒక వరండా కట్టాలని సంఘం నిర్ణయించింది. పటాలు నేను ఉచితంగా గీసి ఇస్తానని ముందే చెప్పాను. మూడు కోరికలున్నాయి. కార్యదర్శిగారు కోప్పడకూడదు.

మొదటిది, ప్రారంభోత్సవం తేదీ ముందే ఆహ్వానపత్రికల మీద అచ్చు వేయించకండి. మన నేల నల్లరేగడి. పునాది గుంట ఆ నలుపు దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. అది ఎన్ని అడుగుల్లో తగులుతుందో ఇంజనీరుగారు నేల చూసి చెప్పాలి. మరీ లోతైతే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించిన అడుగున ఉబ్బు ఉండే పైళ్ల పునాది ఉంది, అదైనా వేయాలి. స్లాబుకు, గోడలకు నీళ్లు పట్టాల్సినన్ని రోజులు పట్టాలి. మంత్రిగారి తీరిక కోసం సిమెంటు తొందరపడదు. తేదీ కోసం తొందరపెడితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను.

రెండోది, తొమ్మిదో తరగతి పిల్లలను నాకు రెండు ఆదివారాలు ఇవ్వండి. టేపు, దారం, గుండు పట్టుకుని పాత బ్లాకు కొలతలన్నీ తీసి, వాళ్లే పటం గీస్తారు. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు. మూడు, నాలుగు, ఐదు అడుగుల త్రిభుజంతో మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడటం నాకు పుస్తకంలో మీరు చెప్పారు, ముగ్గులో నాన్న చెప్పారు. రెండూ ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది మాస్టారూ. ఈ పిల్లలకు ముందే తెలియాలి.

మూడోది, కొత్త శిలాఫలకం మీద దాతల పేర్ల కింద, పనిచేసిన ప్రతి మేస్త్రీ పేరు, ప్రతి కూలీ పేరు, ఇనుము వంచినవాళ్లు, సెంట్రింగ్ కొట్టినవాళ్లు, నీళ్లు పట్టిన వాచ్‌మన్‌తో సహా అందరి పేర్లూ చెక్కించండి. రాయి ఇంకో రెండడుగులు పెద్దదవుతుంది. ఆ ఖర్చు మా 2006 బ్యాచ్ భరిస్తుంది. పొద్దున టిఫిన్ల దగ్గర మా వాళ్లందరినీ అడిగాను, ఒప్పుకున్నారు.

నాన్న పేరు చెక్కమని నేను అడగటం లేదు. ఆయన మోసిన రాయి పాత బ్లాకులో ఉంది, ఆ ఫలకాన్ని మార్చే హక్కు నాకు లేదు. ఆయన ఇవాళ సభకు వచ్చారు. ముందు వరుసలో కూర్చోమంటే వినలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. సభ అయ్యాక పిల్లలెవరైనా ఆ గోడ ఎలా కట్టారని అడిగితే చెబుతారు. అడగండి.

కొలతల పని వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడదాం. ఇంట్లో టేపు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. సెలవు.